జేబులో ఆట

వల్దీవియాలో ముసురు పట్టి ఇది పదకొండో రోజు.
అగ్నిమాపక కేంద్రం మేడ మీద
తడిబూట్ల వాసన, కట్టెపొయ్యి మీద కెటిల్,
గోడకి పాత టీవీ.

రయేన్ బొమ్మలు గీసింది, నేను కోడు రాశాను.
చేపల బజారు వెనక నదిలో ఎనిమిది సముద్ర సింహాలు,
బల్లల మీంచి జారే చేపతలల కోసం కుమ్ములాట.
రోజూ కళ్లారా చూసేదే, కల్పించింది తక్కువ.
నది టీవీలో ఉంటుంది, చుక్కాని చేతిలో ఫోను:
ఎటు వంచితే అటు ఈదుతుంది సింహం.

ఇంట్లో లాప్‌టాప్ మీద బాగానే ఆడింది.
ఫోనులో తెరిస్తే ఉలుకూ పలుకూ లేదు.
తాళంకప్ప గుర్తు లేని చిరునామాకి
తన వంపు చెప్పనంటుంది ఫోను.
మంచిదే. ఎవరికి పడితే వాళ్లకి చెప్పకూడదు
మనిషి ఎటు ఒరుగుతున్నాడో.

అందుకని సర్వర్‌కి ఎక్కించాలి,
సావో పావులోలో నేనెన్నడూ చూడని ఒక చల్లటి గదికి.
తొంభై రెండు శాతం దగ్గర గాలికి నెట్ పోయింది.
మళ్లీ మొదటికి. తొంభై రెండు. మళ్లీ.
మూడోసారి రయేన్ నది బొమ్మని సగానికి కుదించి
"లోతు ఎవడు చూడొచ్చాడులే" అంది.
అప్పుడెక్కింది.

రాత్రి డ్యూటీ వాళ్లే మా పరీక్షకులు.
ఒయార్సో కళ్లద్దాలు లేక గది పేరులో సున్నాని ఓ అనుకుని
నాలుగుసార్లు తలుపు దగ్గర్నుంచే వెనక్కొచ్చాడు.
యోలాందా ఫోను అద్దం సాలెగూడు.
కుడి సగం తాకితే పలకదు, దూకే బటన్ అక్కడే ఉంది.
దూకకుండానే రెండాటలు గెలిచింది.
ఎలీసెయో ఫోను మాత్రం ఊరికే కునుకు తీసేది.
అతని సింహం నడినదిలో కొయ్యబారిపోయేది,
తక్కినవాళ్లు దాన్ని గుద్దుకుని తిట్టేవాళ్లు.
బెంచీ మీదే కూచుని ఒక్క వరుస రాశాను:
ఆట నడిచినంతసేపూ ఫోను నిద్రపోరాదు.

ఆ వరుసకి ఇరవై నిమిషాల వయసప్పుడు సైరన్ మోగింది.

కుర్చీలు పడ్డాయి, మెట్లు దడదడలాడాయి.
ఏడు ఫోన్లు బల్ల మీద వెల్లకిలా.
ఎనిమిదోది ఎలీసెయో అలవాటుగా జేబులో వేసుకున్నాడు.

టీవీలో ఏడు సింహాలు నీళ్ల మీద తేలుతున్నాయి.
ఎనిమిదోది కుదుపులు కుదుపులుగా ఈది,
నిటారుగా సాగి, కుడికి ఒరిగింది.
"వంతెన," అంది రయేన్.
నిజానికది మా ఊహ. ఫోను చెప్పేది వంపే, వీధి కాదు.

తర్వాత ఆగింది.
తర్వాత పిచ్చిపట్టినట్టు కిందా మీదా.
తర్వాత ఎడమకి వాలిపోయి
అక్కడికక్కడే గుండ్రంగా తిరగసాగింది.
మోకాళ్ల మీదున్నాడా? పాకుతున్నాడా?
పడిపోయినా ఇలాగే తిరుగుతుంది సింహం.

తెర మూల గడియారం: నలభై సెకన్లు.
గడువు పెంచాలంటే మళ్లీ ఎక్కించాలి,
ఎక్కిస్తే గది కూలుతుంది, అతను జారిపోతాడు.
రయేన్ ఒయార్సో ఫోను తీసుకుని
'ఇంకో ఆట' నొక్కింది.
మూడు నిమిషాలు. ఇంకో ఆట.
మూడు నిమిషాలు. ఇంకో ఆట.
కెటిల్‌లో నీళ్లు మాడి వాసన వచ్చేదాకా
ఇద్దరం మాట్లాడుకోలేదు.

నాలుగవుతుండగా సింహం లేచింది.
నిటారుగా కొంతసేపు.
ఎడమకి.
కాసేపటికి కింద గేటు కిర్రుమంది.

పొగగొట్టంలో మంటట. ఇంటివాళ్లంతా క్షేమం.
రెండు గంటలు అటక మీద
పక్కకి ఒరిగి పైపు పట్టుకున్నాడట ఎలీసెయో.
మసిచేత్తో ఫోను తీసి నా ముందు పెట్టాడు.
"రెండు శాతం. బ్యాటరీ అంతా తాగేసింది మీ ఆట.
నిప్పు మీద పెట్టినట్టుంది తొడ."
తెర చూసి, ముప్పై ఒక్క చేపలా అన్నాడు,
ఎప్పుడు తిన్నాను?

లోపాల జాబితాలో రాసుకున్నాను:
ఫోను వేడెక్కుతోంది. నిద్రపోవడం లేదు. సరిచేయాలి.
వారమైంది.
ఆ వరుస ఇంకా తీయలేదు.